అడవిని చూపు చిత్రములు

లండనులోని ప్రకృతిచరిత్ర మ్యూజియములో ఏటేటా వన్యప్రాణుల ఛాయాచిత్ర ప్రదర్శన జరుగుచున్నది. 1965లో ‘యానిమల్స్’ అను పత్రిక ప్రారంభించిన పోటీకి ఇది ఫలము. 1984లో మ్యూజియము ఆ పోటీతో చేయి కలిపెను. ధ్వనినే నమ్ముకొని బ్రతుకు మావంటివారికి, మాటలేని ఈ చిత్రములు ఏమి చెప్పగలవు?

మొదట ఓర్పును గూర్చి చెప్పును. 2020లో ప్రథమ బహుమతి పొందిన చిత్రములో ఒక ఆడపులి పెద్ద వృక్షమును కౌగిలించుకొని, తన వాసనను దానికి పూయుచున్నది. రష్యాదేశపు తూర్పు కొసనున్న అడవిలో సెర్గేయ్ గోర్ష్‌కోవ్ దీనికై 11 నెలలకు పైగా శ్రమించెను. అట్టి కెమెరాల వద్ద మనిషి ఉండడు. జంతువు కదలినంతనే యంత్రము పసిగట్టి తనంతట తానే చిత్రము తీయును. ఈ పద్ధతి మన దేశమునకు క్రొత్త కాదు. తోటివారు తుపాకితో పులిని వెదకుచున్న 1920లలోనే, ఎఫ్. డబ్ల్యు. ఛాంపియన్ అను అటవీ అధికారి పులి నడచు బాటకు అడ్డముగా తీగ కట్టి, రాత్రివేళ దాని కాలు తగిలినంతనే మెరుపు వెలిగి ఫొటో పడునట్లు ఏర్పాటు చేసెను.

ఇక సత్యము. 2009లో గేటు దూకుచున్న తోడేలు చిత్రమునకు బహుమతి లభించెను. అది మచ్చికచేసిన జంతువై యుండవచ్చునని నిర్ణేతలు తలచి, ఛాయాగ్రాహకుడు కాదన్నను, 2010లో బహుమతిని రద్దుచేసిరి. చిత్రము అందముగా ఉన్నంతమాత్రమున చాలదు.

అందమే లేని చిత్రమునకు సయితము అక్కడ చోటు కలదు. 2017లో బ్రెంట్ స్టిర్టన్ తీసిన చిత్రములో, దక్షిణాఫ్రికాలో కొమ్ములు నరికివేయబడిన నల్ల ఖడ్గమృగము కూలబడి యున్నది. ఆ కొమ్ము మన గోళ్లవంటి పదార్థమే. దానిని ఔషధమని నమ్ముటచేత ఆ ప్రాణికి ఈ గతి పట్టినది. వేడుకకై వచ్చినవారి ఎదుట దీనిని నిలుపుట ఉచితమేయని మేము తలంతుము. ప్రీతితోపాటు బాధ్యతకూడ కలుగవలెను గదా!

1900 తరువాత కానరాక, నశించినదని అందరును తలచిన కలివికోడి 1986లో కడప జిల్లాలో తిరిగి కనబడెను. రాత్రివేళ తిరుగు ఆ పిట్టను వెదకుటకు ఇట్టి కెమెరాలనే తరువాత వినియోగించిరి. కనుక ఈ విద్య వినోదమాత్రము కాదు. ఒక జాతి ఇంకను బ్రతికియున్నదనుటకు సాక్ష్యము కూడ కాగలదు.

ఇట్టి ప్రదర్శనకు పోయినవారు ప్రతి చిత్రముక్రింది వ్రాతను చదువవలెను. చిత్రకారుడు ఎక్కడ నిలిచెను, ఎన్నాళ్లు వేచెను, ప్రాణి బెదరెనా అని ప్రశ్నించుకొనవలెను. కెమెరా లేనివారికిని పెరటిలోని గోరువంక కలదు. ప్రతిదినము ఒకే వేళకు దానిని చూచి, ఏమి తినుచున్నదో వ్రాసికొనుడు. గూటిదరికి మాత్రము పోవలదు. తల్లిపక్షి బెదరి గ్రుడ్లను విడిచిపోవచ్చును.