సరంగు మాటే శ్రీరామరక్ష!

చింతూరు: శబరి ఒడ్డున ఉన్న ఈ ప్రాంతీయులకు పడవ ప్రయాణం కొత్త కాదు. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరగా, శబరి వెనక్కి తన్ని చింతూరును ముంచెత్తింది. రోడ్లు మునిగిన చోట పడవలే దిక్కయ్యాయి. ‘‘లేవకండి, ఒక పక్కకు ఒరగకండి’’ అని సరంగు కేకవేస్తే విసుక్కునేవారు ఎక్కడైనా ఉంటారు. ఆ కేక విలువ ఎంతటిదో విమానాల చట్టం చూస్తే తెలుస్తుంది.

విమానంలో సిబ్బంది చెప్పేది సలహా కాదు, శాసనమే. భద్రత కోసం పైలట్ గాని, పైలట్ తరఫున సిబ్బంది గాని ఇచ్చిన ఆదేశాన్ని ధిక్కరించడం మన దేశంలో నేరం. 1963 నాటి టోక్యో ఒప్పందం ప్రకారం అల్లరి చేసేవారిని దారిలో దించివేసే అధికారం, పోలీసులకు అప్పగించే అధికారం పైలట్‌కు ఉన్నాయి. ఈ ఒప్పందం అమలుకు భారత్ 1975లో చట్టం చేసింది. 2017లో పౌర విమానయాన డైరెక్టరేట్ మరో అడుగు ముందుకు వేసింది. నోటి దురుసుకు మూడు నెలల వరకు, చేయి చేసుకుంటే ఆరు నెలల వరకు, ప్రాణాలకు ముప్పు తెస్తే కనీసం రెండేళ్లు విమానం ఎక్కనివ్వరాదని నిర్ణయించింది.

ఇంత కట్టడి ఎందుకన్న ప్రశ్నకు జపాన్‌లో జవాబు దొరికింది. 2024 జనవరి 2న టోక్యోలోని హనేడా విమానాశ్రయంలో దిగుతూ ఒక విమానం మరో విమానాన్ని ఢీకొని మంటల్లో చిక్కుకుంది. సిబ్బంది చెప్పినట్లు సామాను వదలి కదిలినందున అందులోని 379 మందీ ప్రాణాలతో బయటపడ్డారు.

మన గోదావరి చెప్పిన పాఠం మరీ చేదు. 2019 సెప్టెంబర్ 15న పాపికొండలకు వెళుతున్న బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగింది. అందులోని 77 మందిలో 26 మందే బతికారు. ఒడ్డు గ్రామాల గిరిజనులు నాటుపడవలతో వెళ్లి వారిని కాపాడారు. కొందరు లైఫ్ జాకెట్లు తీసివేసి ఉన్నారని బతికినవారు అప్పట్లో చెప్పారు. అయితే నేరమంతా ప్రయాణికులపై నెట్టడం న్యాయం కాదు. వరద ఉధృతిలో బోటు కదిలించడమే అసలు తప్పు.

కనుక బాధ్యత ఇరుపక్షాలదీ. జాకెట్ ఇవ్వని బోటు ఎక్కకూడదు. ఇచ్చిన జాకెట్ ఉక్కపోస్తున్నదని విప్పకూడదు. నీరు ఎక్కువగా ఉంది, పడవ కదలదు అని సరంగు అంటే బతిమాలి, డబ్బు ఆశ చూపి బయలుదేరదీయరాదు. ఆకాశంలో చట్టం చెప్పి చేయించే పనిని శబరిలో మనంతట మనమే చేసుకోవలసి ఉంది.