వంకర కాళ్లు సరిచేయాలంటే.. ముందు కొలత, ఆపై కోత
ఎముకల వైద్యులకు ప్రత్యక్ష శిక్షణ ఎందుకు అవసరం?

నల్గొండ: జిల్లాలోని మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి ప్రాంతాల్లో మోకాళ్లు ఒకదానికొకటి ఒరుసుకుంటూ, పాదాలు ఎడంగా పెట్టి నడిచేవారు కొత్త కాదు. ఫ్లోరైడ్ అధికంగా ఉన్న బోరు నీటిని చిన్ననాటి నుంచి తాగిన ఫలితమిది. ఇక్కడి యువకుల్లో కనిపించిన ఈ వైకల్యాన్ని గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లోనే అంతర్జాతీయ వైద్య పత్రిక ‘లాన్సెట్’లో వివరించారు. 2016లో ప్రారంభమైన మిషన్ భగీరథతో కృష్ణా జలాలు గ్రామాలకు చేరాయి. అయితే మంచినీరు కొత్త వంకరను నివారించగలదు గాని, ఎదుగుదల ముగిశాక గట్టిపడిన పాత వంకరను తీయలేదు. అందుకు శస్త్రచికిత్స ఒక్కటే మార్గం. ఆ శస్త్రచికిత్స పుస్తకం చదివి చేయగలిగేది కాదు.

విరిగిన ఎముకను అతికించడం దాదాపు ప్రతి ఎముకల వైద్యుడూ నిత్యం చేసే పనే. వంగిన ఎముకను సరిచేయడం వేరు. ఇక్కడ విరగని ఎముకను వైద్యుడే కోయాలి. ఎక్కడ కోయాలో, ఎంత తిప్పాలో ముందే తేల్చుకోవాలి. అందుకే ఈ విద్యను నేర్పే శిక్షణ శిబిరాల్లో మొదటి రోజు రంపం కనిపించదు. పెన్సిల్, కోణమానిని, పలుచని కాగితం, కత్తెర మాత్రమే ఉంటాయి.

కత్తి కంటే ముందు పెన్సిల్

రోగిని నిలబెట్టి తుంటి నుంచి చీలమండ వరకు ఒకే ఎక్స్‌రే తీస్తారు. తుంటి కీలు మధ్య నుంచి చీలమండ మధ్యకు గీత గీస్తే, ఆరోగ్యవంతుని కాలిలో అది మోకాలి మధ్యలో, లేదా కాస్త లోపలివైపుగా సాగుతుంది. మోకాళ్లు తాకేవారిలో ఈ గీత మోకాలికి బయటివైపు, దొడ్డికాళ్లవారిలో బాగా లోపలివైపు పడుతుంది. శరీర భారం ఆ ఒక్క పక్కనే పడటంతో ఏళ్లు గడిచేకొద్దీ అక్కడి మృదులాస్థి అరిగిపోతుంది. నలభై ఏళ్లకే మోకాళ్ల నొప్పులు పట్టుకోవడానికి ఇదొక కారణం.

తర్వాతి ప్రశ్న: వంకర తొడ ఎముకలోనా, పిక్క ఎముకలోనా? రెండు ఎముకలూ మోకాలి కీలు రేఖతో సుమారు 87 డిగ్రీల కోణంలో ఉండాలి. 85 నుంచి 90 వరకు తేడా సహజమే. ఏ ఎముక ఈ హద్దు దాటిందో తెలియకుండా రెండో ఎముకను కోస్తే కాలు పైకి నిటారుగానే కనిపిస్తుంది, మోకాలి కీలు మాత్రం ఏటవాలుగా మిగిలిపోతుంది. చూసేవారికి ఆపరేషన్ విజయవంతం, నడిచేవారికి కాదు. వంకర ఉన్న చోటు నుంచి దూరంగా కోసి సరిచేసినా ఎముక మెలికలు తిరిగినట్లవుతుంది. ఎముక పై భాగపు రేఖ, కింది భాగపు రేఖ కలిసే బిందువును గుర్తించి కోతను నిర్ణయించే పద్ధతిని అమెరికాలో పనిచేసిన వైద్యుడు డ్రోర్ పేలీ క్రమబద్ధం చేశారు. నేడు ఈ లెక్కలను కంప్యూటర్ కూడా చేస్తుంది. అయినా కాగితంపై ఎముక బొమ్మను కత్తిరించి, తిప్పి, అతికించి చూడటాన్ని అనుభవజ్ఞులు వదిలిపెట్టలేదు.

అన్నిటికంటే తేలిగ్గా జరిగే పొరపాటు ఎక్స్‌రే గదిలోనే ఉంది. మోకాలిచిప్పలు నేరుగా ముందుకు చూడకుండా కాలు కాస్త పక్కకు తిరిగి ఉంటే, లేని వంకర కనిపిస్తుంది, ఉన్నది దాగుతుంది.

సైబీరియా నుంచి వచ్చిన చక్రం

గీత కుదిరాక చేతిపని మొదలవుతుంది. స్వల్ప వంకరను త్రికోణాకారపు ముక్క తీసి లేదా ఎముకను ఒకవైపు తెరిచి, పలకతో బిగించి ఒకేసారి సరిచేయవచ్చు. వంకర అధికంగా ఉంటే అది ప్రమాదకరం. మోకాళ్లు తాకే కాలును ఒక్కసారిగా నిటారు చేసినప్పుడు మోకాలి బయటివైపు సాగే నరం లాగబడి పాదం పైకి లేవకుండా పోవచ్చు. అటువంటి వారికి ఇలిజరోవ్ పద్ధతి ఉపకరిస్తుంది.

రష్యాలోని కుర్గాన్‌లో గావ్రిల్ ఇలిజరోవ్ 1950ల ఆరంభంలో ఈ పరికరాన్ని రూపొందించారు. కాలి చుట్టూ లోహపు వలయాలు, వాటి నుంచి ఎముక గుండా సాగే 1.5 లేదా 1.8 మిల్లీమీటర్ల సన్నని తీగలు. సైకిల్ దుకాణంలో స్పోకులు బిగించి చక్రం వంకర తీసేవారిని చూసినవారికి దీని కిటుకు సులభంగా బోధపడుతుంది. బిగువే దాని బలం. 1964 టోక్యో ఒలింపిక్స్ హైజంప్ విజేత వలెరీ బ్రూమెల్ మోటారు సైకిల్ ప్రమాదంలో దెబ్బతిన్న కాలికి ఇలిజరోవ్ చికిత్స చేయడంతో ఆయన పేరు సోవియట్ దేశమంతటా మార్మోగింది. పశ్చిమ దేశాలకు ఈ విద్య 1980ల ఆరంభంలో ఇటలీ ద్వారా చేరింది.

ప్లాస్టిక్ ఎముక నేర్పేది, నేర్పనిది

శిక్షణలో ప్రతి బల్లపై ప్లాస్టిక్ ఎముక, వలయాలు, నట్లు, డ్రిల్లు ఉంటాయి. తీగను వేగంగా దింపితే వేడికి చుట్టూ ఎముక చచ్చిపోతుంది, తర్వాత అక్కడే చీము పడుతుంది. కనుక ఆగి ఆగి దింపాలి. ఎముక అవతలి అంచు దాటగానే డ్రిల్లు ఆపి, తీగను సుత్తితో మెల్లగా తట్టాలి. లేకుంటే తిరుగుతున్న తీగ నరాన్నో రక్తనాళాన్నో చుట్టుకుంటుంది. తీగ ఏ కండరం గుండా వెళుతుందో ఆ కండరం సాగి ఉండేలా కీలును వంచి పట్టుకోవాలి. ఇవేవీ ఉపన్యాసంతో అబ్బేవి కావు.

ప్లాస్టిక్ ఎముకకు రక్తం లేదు, నరం లేదు. ఫ్లోరైడ్ పేరుకున్న ఎముక దట్టంగా, పెళుసుగా ఉంటుంది. ఆ తేడా డ్రిల్లు పట్టిన చేతికి తెలియాలి. అందుకే మృతదేహాలపై సాధన, ఆ తర్వాత అనుభవజ్ఞుని పక్కన నిలబడి చేసే ఆపరేషన్లు తప్పనిసరి. రెండు రోజుల శిబిరం ఇచ్చే ధ్రువపత్రాన్ని నైపుణ్యంగా భావించడం పొరపాటే.

పిల్లల విషయం వేరు

రెండేళ్ల లోపు పిల్లలకు దొడ్డికాళ్లు, మూడు నాలుగేళ్ల వయసులో మోకాళ్లు తాకడం చాలావరకు సహజం. ఏడేళ్లకల్లా సర్దుకుంటాయి. ఒక కాలే వంగినా, ఏడేళ్లు దాటినా వంకర పెరుగుతున్నా వైద్యునికి చూపాలి. విటమిన్ డి లోపంతో వచ్చిన రికెట్స్ అయితే ముందుగా మందులతో చికిత్స చేయాలి. ఎదిగే వయసులో వస్తే ఎముకను కోయనవసరం లేకుండానే, మోకాలికి ఒకవైపు ఎదుగుదల పొరపై రెండు స్క్రూలతో చిన్న పలక బిగిస్తారు. ఆ పక్క ఎదుగుదల తగ్గి, రెండో పక్క పెరిగి కాలు దానంతటదే సరవుతుంది. సరైన సమయంలో పలక తీయకపోతే కాలు అటువైపు వంగుతుంది. పలక వేయించి, కాలు బాగైందని మళ్లీ ఆసుపత్రికి రాకపోవడం ఇందులోని పెద్ద చిక్కు.

ఇంటివారికీ పాఠమే

ఇలిజరోవ్ పరికరం బిగించాక అసలు పని ఇంట్లో జరుగుతుంది. ఎముక కోసిన అయిదు నుంచి పది రోజుల తర్వాత నట్లను రోజుకు నాలుగుసార్లు, ఒక్కోసారి పావు చుట్టు తిప్పాలి. పావు చుట్టుకు పావు మిల్లీమీటరు, రోజుకు ఒక మిల్లీమీటరు. తొందరపడి ఎక్కువ తిప్పితే మధ్యలో కొత్త ఎముక ఏర్పడదు, ఆలస్యం చేస్తే ముందే అతుక్కుపోతుంది. నొక్కి పట్టాల్సిన నట్టును ఒక రోగి పొరపాటున అటువైపు తిప్పడంతో ఖాళీలో కొత్త ఎముక పుట్టడం ఇలిజరోవ్ గమనించారని ఒక కథ ప్రచారంలో ఉంది.

సాగదీసిన ప్రతి సెంటీమీటరుకు నెలకు పైగా పరికరం కాలిపైనే ఉండాలి. కూలి పనికి వెళ్లే కుటుంబానికి ఇది నెలల తరబడి భారం. తీగలు చర్మంలోకి దిగే చోటును రోజూ శుభ్రం చేయాలి, ఎరుపు, చీము కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి రావాలి, పాదాన్ని వంగిపోనివ్వకూడదు. మంచి ఆసుపత్రుల్లో రోగిని ఇంటికి పంపే ముందు తల్లి చేతనో భార్య చేతనో నట్టును తిప్పిస్తారు. ఏ నట్టు ఎటు తిప్పాలో రంగు గుర్తు పెట్టి, తిప్పిన ప్రతిసారీ టిక్కు పెట్టేందుకు ఒక కాగితం ఇస్తారు.