మన పిల్లల చెవులలో మ్రోగుచున్న కేక



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, సుల్తానాబాద్ ప్రాంతములోని మన సంఘపు తల్లి ఒకామె సంచిలో నల్లని టీషర్టు చుట్టుకొని నాయొద్దకు వచ్చినది. "అయ్యగారూ, మా పిలగాడు సైతాను పాటలు వింటుండు. రాత్రంత చెవులల్ల అవే పెట్టుకుంటడు. ఈ అంగీ మీద ఏం రాసుందో చూడుండ్రి. ప్రార్థన చేసి మీరే కాలవెట్టుండ్రి" అని కన్నీరు పెట్టుకొన్నది. దానిమీద "గాడ్‌లెస్" అని వ్రాసియున్నది. దేవుడు లేనివారు అని దాని అర్థము.

నేను దానిని కాల్చలేదు. ఎందుకనగా ఒకప్పుడు కాల్చినవాడను నేనే.

నేను చేసిన తప్పు

సేవలో ప్రవేశించిన తొలి దినములలో, అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయము చూపించి, యౌవనస్థుల క్యాసెట్లు, సీడీలు తెప్పించి చర్చి వెనుక తగులబెట్టించితిని. ఒక యువకుడు తన క్యాసెట్లు ఇయ్యనన్నాడు. పెద్దలతో వెళ్లి అతని ఇంటినుండి తెచ్చితిమి. ఆ మంట చల్లారినది గాని ఆ యువకుడు మరల సంఘములో అడుగుపెట్టలేదు. ఎఫెసువారు తమ పుస్తకములను తామే తెచ్చి కాల్చిరి. నేను కాల్చినది ఇతరుల సొత్తు. ఈ భేదము తెలిసికొనుటకు నాకు చాలా సంవత్సరములు పట్టినది.

కాబట్టి ఈసారి ఆ తల్లితో, "చెల్లెమ్మా, ముందుగా నన్ను విననియ్యి" అని చెప్పితిని. మరుసటి దినము ఆ పిల్లవానిని పిలిచి, అతడు వినునవన్నియు నాకు వినిపించుమని అడిగితిని.

ఈ సంగీతము ఎక్కడిది?

మొదటి పాట వినగానే నా గుండె అదిరినదని ఒప్పుకొనుచున్నాను. పాడువాడు మనుష్యునివలె గాక గాయపడిన మృగమువలె గర్జించుచున్నాడు. ఆ బృందమే గాడ్‌లెస్. హైదరాబాదు, బెంగుళూరు యువకులు 2015లో ప్రారంభించినది. 2016లో, 2018లో చిన్న సంకలనములు, 2021లో "స్టేట్స్ ఆఫ్ కేయాస్" అను పూర్తి ఆల్బము వెలువరించిరి. దీనిని డెత్ మెటల్ అందురు. తరువాత బెంగుళూరు వారైన బెవార్ సీ (2012, 2015), షెపర్డ్ (2015), బొంబాయి వారైన డర్జ్ (2018) ఆల్బములు వినిపించెను. బెవార్ సీ అనగా మనము బేవార్సు అని తిట్టు మాటయే. షెపర్డ్ అనగా కాపరి. డర్జ్ అనగా శవము దగ్గర పాడు శోకగీతము. ఇవి సినిమాలలో రావు, టీవీలలో రావు. కొద్దిమంది చేసి కొద్దిమంది వినునవి. అందుకే వీటిని అండర్‌గ్రౌండ్ అని పిలిచెదరు.

వీటి మూలము ఒక కార్ఖానాలో ఉన్నది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ పట్టణములో టోనీ అయోమీ అను 17 సంవత్సరముల కుర్రవాడు రేకుల ఫ్యాక్టరీలో పని మానుకొను చివరి దినమున యంత్రములో చేయి పెట్టగా, రెండు వ్రేళ్ల కొనలు తెగిపోయెను. మన రైసుమిల్లుల బెల్టులలో చేతులు పోగొట్టుకొన్నవారిని ఎరిగిన మనకు ఆ నొప్పి తెలియును. అతడు ప్లాస్టిక్ సీసా కరిగించి వ్రేళ్లకు టోపీలు చేసికొని గిటారు వాయించెను. నొప్పి తగ్గుటకు సన్నని తీగలు వాడి, తరువాత వాటిని వదులు చేసెను. తీగ వదులైతే స్వరము బరువుగా క్రిందికి దిగును. 1970లో వచ్చిన బ్లాక్ సబ్బత్ బృందపు బరువైన సంగీతము అట్లు మరింత బరువెక్కినది. దాని గాయకుడు ఓజీ ఆస్‌బర్న్ 2025 జూలైలో మరణించెను. ఆ బృందమునకు ఎక్కువ పాటలు వ్రాసిన గీజర్ బట్లర్ కథోలిక కుటుంబములో పెరిగినవాడు.

ఆ సంగీతమును మిక్కిలి నెమ్మదిగా నడిపించినది డూమ్. అది పాత ఇంగ్లీషులో తీర్పు అను అర్థమిచ్చు మాట. ప్రాచీన ఇంగ్లండు చర్చీల గోడలమీద చిత్రించిన అంత్య తీర్పు బొమ్మలకును అదే పేరు. డూమ్‌కు మరింత కఠినత్వము కలిపినది స్లడ్జ్, అనగా మడ్డి బురద. 1984లో తొలి ఆల్బము వెలువరించిన షికాగో వారి ట్రబుల్ అను డూమ్ బృందము బైబిలు మాటలతో పాటలు కట్టినది. కాబట్టి ఆ ధ్వని మాత్రమే సైతానుది అనుటకు వీలులేదు.

భయము పూర్తిగా వ్యర్థము కాదు

అయినను ఆ తల్లి భయమును నేను తేలికగా తీసికొనను. 1992లో నార్వేలోని బెర్గెన్ దగ్గర ఫాంటాఫ్ట్ అను పురాతన కర్ర చర్చి తగులబెట్టబడినది. ఆ కాలమున ఇతర చర్చీలను కాల్చినందుకును, తోటి సంగీతకారుని చంపినందుకును ఒక బ్లాక్ మెటల్ సంగీతకారునికి 1994లో 21 సంవత్సరముల శిక్ష పడినది. కొన్ని పాటలలో దేవదూషణయు రక్తపాతమును నిజముగానే ఉన్నవి.

మరొక ప్రక్కనుండియు చూడవలెను. పాటలలో దాచిన మాటలవలన తమ పిల్లలు ప్రాణము తీసికొనిరని అమెరికాలో కొందరు తల్లిదండ్రులు జూడాస్ ప్రీస్ట్ బృందముమీద వ్యాజ్యము వేయగా, 1990లో రీనో పట్టణపు న్యాయమూర్తి ఆ ఆరోపణ రుజువు కాలేదని తీర్పిచ్చెను. పిల్లల దుఃఖమునకు పాటనే కారణముగా చూపితే, అసలు కారణము మన కంటికి కనబడకుండపోవును.

ఆ పిల్లవాడు చెప్పినది

"ఎందుకు వింటున్నవు బిడ్డా?" అని అడిగితిని. చాలాసేపు నేల చూచి ఇట్లనెను: "అయ్యగారూ, మా నాయిన సచ్చిపోయిన నాడు అందరు నన్ను ఏడవద్దన్నరు. పరలోకం పోయిండు, సంతోషించు అన్నరు. చర్చిల చప్పట్ల పాటలే పాడిన్రు. ఈ పాటల్ల ఎవలో నా లెక్క ఒర్రుతున్నరు."

ఆ సమాధి కూడికను నడిపించినది నేనే. "మొగపిల్లగాడివి, ధైర్యంగ ఉండాలె" అని అతని భుజము తట్టినదియు నేనే.

ఆ రాత్రి బైబిలు తెరచితిని. 88వ కీర్తన మొదటినుండి చివరివరకు చీకటిలోనే ఉన్నది, చీకటితోనే ముగియుచున్నది. దేవుడు దానిని తన గ్రంథములోనుండి తీసివేయలేదు. 40వ కీర్తనలోను, 69వ కీర్తనలోను మనిషి బురదలో దిగబడి మొరపెట్టుచున్నాడు. యిర్మీయాకు విలాపవాక్యములను ఒక గ్రంథమే ఉన్నది. రోమా 8:26లో ఆత్మ మాటలకందని మూలుగులతో మనకొరకు విజ్ఞాపన చేయునని పౌలు వ్రాసెను. దేవుడు మన మూలుగును వినగలిగినప్పుడు, సంఘము ఎందుకు వినలేకపోయినది?

మన చరిత్రయు జ్ఞాపకము చేసికొందము. పోచమ్మ జాతరలో మ్రోగునని అనేక సంఘములలో డప్పును గుడి బయట ఉంచిరి. నేడు క్రిస్మసు ఊరేగింపులో అదే డప్పు మ్రోగుచున్నది. పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మన దేశపు రాగములలోనే ప్రభువును కీర్తించిరి. వాద్యమునకు పాపము లేదు. దానిని పట్టుకొన్న హృదయమును, దానితో చెప్పిన మాటను పరీక్షింపవలెను.

తల్లిదండ్రులకు నాలుగు మాటలు

1. లాగికొనకముందు ప్రక్కన కూర్చుండి వినుడి. "ఇందులో నీకేమి నచ్చినది?" అని అడుగుడి.

2. పాట మాటలను పిల్లలతో కలిసి చదువుడి. 1 థెస్సలొనీకయులకు 5:21 ప్రకారము అన్నిటిని పరీక్షించుట పిల్లలకే నేర్పుడి. దూషణను దూషణయని చెప్పుటకు వెనుకాడవద్దు.

3. నిద్ర, తిండి తగ్గినను, ఎవరితోను కలవకున్నను, చావును గూర్చి మాటలాడినను ఆలస్యము చేయకుడి. ప్రార్థించుడి, వైద్యుని యొద్దకును తీసికొని పోవుడి. ప్రభుత్వము 2022లో ప్రారంభించిన టెలి మానస్ 14416 నంబరుకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

4. ఇంటిలో దుఃఖమునకు చోటియ్యుడి. లాజరు సమాధియొద్ద మన ప్రభువు, అతనిని లేపబోవునని ఎరిగియు, కన్నీరు విడిచెను.

తరువాతి నెలలో ఒక ఆదివారము, ఆ సంవత్సరము తమవారిని పోగొట్టుకొన్న కుటుంబములకొరకు ప్రత్యేక ప్రార్థన పెట్టితిమి. చప్పట్లు లేవు. ఆ పిల్లవాడు లేచి 88వ కీర్తన చదివెను. సగములో అతని గొంతు ఆగిపోయినది. ఎవరును ఏడవవద్దని అనలేదు. అతని తల్లి లేచి వచ్చి ప్రక్కన నిలువబడగా, మిగిలిన వచనములను చదివి ముగించెను.

అతడు ఆ పాటలు పూర్తిగా మానలేదు. తల్లికి అవి నేటికిని నచ్చవు. నాకును అన్నియు నచ్చవు. కాని రాత్రివేళ ఇప్పుడు ఒక చెవికే పెట్టుకొనుచున్నాడట. రెండవది అమ్మ పిలిస్తే వినుటకు.

ప్రియులారా, మన పిల్లల కేకను ప్రపంచము వినకముందే మనము వినునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.