ఇనుప రేకు మడత

కాగితమును మడచుట పసివానికిని చేతనైన పని. ఇనుప రేకును మడచుట అంత సులువు కాదు. దాగలి అంచున రేకునుంచి కొయ్యసుత్తితో మోదినచో వంపు రాకపోదు. కాని దెబ్బదెబ్బకు సొట్ట పడును, మడత గీత పామువలె మెలిక తిరుగును. ట్రంకుపెట్టె మూత సరిగా కూర్చుండకున్నను, బియ్యపు మరలో గొట్టపు అతుకునుండి ధాన్యము కారుచున్నను, తప్పు తరచుగా ఆ మడతలోనే యుండును.

గోదావరి డెల్టాకు లోహపు పని క్రొత్త గాదు. 1847లో ఆర్థర్ కాటన్ ఆనకట్ట నిర్మాణమునకు పూనుకొన్నప్పుడు ధవళేశ్వరమున దానికై కర్మశాల వెలసినది. 1852లో ఆనకట్ట పూర్తియైనది. పెరవలి చెంతనున్న అజ్జరము ఇత్తడి పాత్రలకు పేరెన్నికగన్న ఊరు. అయితే ఇత్తడి సుత్తికి లొంగును; బిందె సొగసంతయు దాని గుండ్రదనముననే కలదు. ఉక్కు రేకు కోరునది తిన్నని గీత. అందులకు చేతి నేర్పొక్కటే చాలదు, మర బలము కావలెను.

ఆ మరనే ప్రెస్ బ్రేకు అందురు. పెద్ద కర్మశాలలలో నుండునది పల్లెటూరి రేకుపనివాని తాహతుకు మించినది. రేకులను బండిపై పట్టణమునకు కొనిపోయి, వంతుకై వేచి, మడతకింతయని చెల్లించి తెచ్చుకొన్నచో చిన్న పనిలో మిగులునది శూన్యము. అట్టివానికి దారి, మరను తానే చేసికొనుట.

సామగ్రి చాలవరకు పాత ఇనుప దుకాణముననే దొరకును. రెండు నిలువు కమ్ములు, పైనను క్రిందను అడ్డ దూలములు, నడుమ జారెడు దూలమొకటి. జారు దూలముపై లారీల క్రింద పెట్టు 20 టన్నుల నూనె జాకీని నిలిపినచో, దాని తల పై దూలమును తన్ని జారు దూలమును క్రిందికి నెట్టును. పని ముగియగనే రెండు స్ప్రింగులు దానిని పైకి లాగును. జారు దూలము అడుగున కత్తివంటి బద్ద, దానికెదురుగా క్రింద గాడి.

ఈ గాడి దగ్గరనే తొందరపాటు జరుగును. యాంగిల్ ఇనుమును మూల క్రిందికి వచ్చునట్లు పరచినచో గాడి సిద్ధమైనదని తోచును. దాని కోణము సరిగా 90 డిగ్రీలు. రేకును గాడి అడుగు తాకువరకు ఒత్తినను, ఒత్తిడి తీయగనే ఉక్కు ఒకటి రెండు డిగ్రీలు వెనుకకు తెరచుకొనును. 92 డిగ్రీల మూలతో పెట్టె కుదురునా? కనుక రెండు బద్దలను నడుమ సందు విడిచి సమాంతరముగా బిగించుట మేలు. 88 వరకు వంచి వదలినచో 90 వచ్చును. కత్తి మొన అంతకన్న కోసుగా నుండవలెను.

సందు రేకు మందమునకు సుమారు 8 రెట్లు. 16 గేజి రేకు మందము 1.6 మి.మీ.; సందు 13 మి.మీ. అప్పుడు 60 సెం.మీ. మడతకు సుమారు 8 టన్నుల బలము చాలును; జాకీకి శ్రమ లేదు. అదే సందులో 3 మి.మీ. రేకును పెట్టినచో, బలము మందపు వర్గమును బట్టి పెరుగును గనుక, సుమారు 27 టన్నులు కావలసివచ్చును. సందును 24 మి.మీ. చేసినచో అది 15కు దిగును. ఈ లెక్క తెలియక జాకీని బలవంతపెట్టినచో అతుకు తెగి ఇనుప ముక్క మీదికెగురును; నవ్వులాట కాదు.

ఒక్క జాకీ నడుమనే ఒత్తును. జారు దూలము బలహీనమైనచో దాని కొనలు పైకి లేచి, మడత నడుమ పూర్తియై కొనలయందు తెరచుకొని యుండును. తరగతిలోని స్కేలుబద్దను బల్లపరుపుగా పట్టి వంచిన వంగును. అంచున నిలిపిన వంగదు. దూలపు లోతును రెట్టింపు చేసినచో బిగువు 8 రెట్లగును. చేత డబ్బు తక్కువైనవాడు ఇనుమును వెడల్పునకు గాక లోతునకు వెచ్చింపవలెను.

మడతలో లోపలి పొర నొక్కుకొనును, వెలుపలి పొర సాగును. అందుచేత వెలుపలి కొలత చెరి 50 మి.మీ. గల మూలకు 16 గేజి రేకు 100 మి.మీ. అక్కరలేదు, సుమారు 97 చాలును. నాలుగు మడతలకు ఈ మూడేసి మిల్లీమీటర్లు పోగై 12 అగును. మూత కూర్చుండకపోవుటకు ఇదియు నొక కారణము. ఈ తరుగు మరను బట్టియు, రేకును బట్టియు కొంచెము మారును. ముందుగా తునక రేకులను మడచి, కొలిచి, వచ్చిన అంకెలను మర నిలువు కమ్మిపైననే సుద్దతో వ్రాసికొన్నచో, మరునాడు మరల కొలువ నక్కరలేదు.