హాని లేదంటే గుణమున్నట్టేనా? కృష్ణపట్నం మందు మిగిల్చిన ప్రశ్న

కృష్ణపట్నం అంటే నెల్లూరు జిల్లావాసులకు మొదట రేవు, ఆ తర్వాత థర్మల్ విద్యుత్కేంద్రం గుర్తుకు వస్తాయి. 2021 వేసవిలో మాత్రం ముత్తుకూరు మండలంలోని ఆ సముద్రతీర గ్రామం ఒక మందు పేరుతో దేశమంతటా మారుమోగింది. గ్రామానికి చెందిన బొణిగి ఆనందయ్య తేనె, మిరియాలు, నల్ల జీలకర్ర, జాజికాయ, లవంగాలు, వేపాకు వంటి దినుసులతో తయారుచేసిన మందును కరోనా రోగులకు ఉచితంగా యివ్వసాగారు. మే 21న జనం తండోపతండాలుగా వచ్చిపడటంతో పంపిణీ ఆగిపోయింది.

ఇంతమంది రావడాన్ని మూఢనమ్మకమని కొట్టిపారెయ్యడం తేలికే. కాని ఆనాటి పరిస్థితి మరువరాదు. ఆసుపత్రిలో మంచం దొరకడం గగనమైంది. ఆక్సిజన్ సిలిండరు కోసం కుటుంబాలు వూళ్లు తిరిగాయి. మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాలో అంతరాయం వల్ల 11 మంది మరణించారని అధికార్లు ప్రకటించారు. అటువంటి రోజుల్లో, పైసా పుచ్చుకోకుండా వంటింట్లో ఎరిగిన దినుసులతో మందు యిస్తానన్న మనిషి వద్దకు జనం పరుగెత్తడంలో వింతేమీ లేదు. అయితే జబ్బున్నవారూ లేనివారూ భుజాలు రాసుకుంటూ నిలబడిన ఆ గుంపే జబ్బును వూరూరికీ మోసుకుపోగలదన్నదీ కాదనరాని మాట.

రెండు వేర్వేరు ప్రశ్నలు

రాష్ట్ర ఆయుష్ కమీషనర్ రాములు బృందం గ్రామానికి వెళ్లి మందు తయారీని పరిశీలించింది. వాడుతున్నవి సహజమైన దినుసులే, హానికరమైనవి లేవని చెప్పింది. ఈ మాట నోటా నోటా పడి "మందు పనిచేస్తుందని సర్కారే చెప్పింది" అన్నంతవరకు వెళ్లింది. హాని చేయదా అన్నది ఒక ప్రశ్న. జబ్బు తగ్గిస్తుందా అన్నది మరొకటి. మొదటిదానికి వచ్చిన జవాబును రెండోదానికి అతికించడంతోనే చిక్కు వచ్చింది.

మే 31న ప్రభుత్వం పంపిణీకి అనుమతించినప్పుడు ఈ తేడాను పాటించింది. కేంద్ర ఆయుర్వేద పరిశోధనా మండలి నివేదికను పరిశీలించిన మీదట పి, ఎల్, ఎఫ్ అనే మందులను మాత్రం యివ్వవచ్చునన్నది. కరోనా తగ్గుతుందనడానికి రుజువు లేదనీ, డాక్టర్లు రాసిన మందులు మానరాదనీ, రోగులు స్వయంగా రాకూడదనీ చెప్పింది. జూన్ 7న హైకోర్టు కె మందుకు కూడా అనుమతినిచ్చింది. కంట్లో వేసే చుక్కలకు మాత్రం ప్రభుత్వం ఒప్పుకోలేదు. నోటికి పనికివచ్చినదల్లా కంటికి పనికిరాదు. సూక్ష్మక్రిములు లేకుండా శుద్ధిచేయని చుక్క చూపుకే ముప్పు తేగలదు. చుక్కలు పడగానే వూపిరి తేరుకున్నదని చెప్పిన ఒక రోగి మాటలు సెల్‌ఫోన్లలో రాష్ట్రమంతా తిరిగాయి. ఆ రోగి కొద్దిరోజులకే ఆసుపత్రిలో కన్నుమూశారన్న కబురు అంత దూరం వెళ్లలేదు.

ఫోనులో తేలేది కాదు

మందు పుచ్చుకున్నవారికి ఫోను చేసి ఎలా వున్నారని ఆయుర్వేద నిపుణులు వాకబు చేశారు. అది అవసరమే, కాని చాలదు. కరోనా సోకినవారిలో అత్యధికులు ఏ ప్రత్యేకమైన మందూ లేకుండానే కోలుకున్నారు. అందువల్ల మందు తిన్నవాడు బాగుపడితే ఆ ఘనత మందుదో ఒంటిదో చెప్పలేం. పైగా చనిపోయినవారు ఫోను ఎత్తరు.

తేల్చడానికి మార్గం ఒక్కటే. రోగులను చీట్లు వేసినట్లుగా రెండు జట్లు చేయాలి. ఇద్దరికీ మామూలు చికిత్స యిస్తూ, ఒక జట్టుకు మాత్రం కొత్త మందు కలపాలి. తర్వాత లెక్క చూడాలి. బ్రిటన్‌లో 2020లో ఇలాగే చూశారు. ఏళ్ల తరబడి వాడుకలో వున్న చవక మందు డెక్సామెథసోన్, ఆక్సిజన్ అవసరమైన రోగుల్లో మరణాలు తగ్గిస్తుందని జూన్‌లో తేలింది. ఎందరో నమ్ముకున్న హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల ఫలితం లేదని అదే పరీక్షలో తేలింది.

మూలికలకు ఇది అవమానమేమీ కాదు. సర్పగంధ రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో రోగులపై పరిశీలించి ప్రకటించాకనే ప్రపంచం దానిని స్వీకరించింది. చైనా మూలిక నుంచి మలేరియా మందు తీసిన తు యుయు 2015లో నోబెల్ బహుమతి అందుకున్నారు. ఇంగ్లీషు వైద్యమూ జవాబు చెప్పుకోవలసిందే. ఆనాటి ఖమ్మం జిల్లాలో 2009లో బాలికలకు గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేసినప్పుడు, తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి బయటపడి పెద్ద దుమారం రేగింది. రోగికి విషయం చెప్పి సమ్మతి తీసుకోవాలన్న నియమం నాటువైద్యానికీ టీకాకూ ఒకటే.

చట్టంలో ఒక వెసులుబాటు వున్నది. ఆయుర్వేద మందు తయారీకి లైసెన్సు కావాలి గాని, తన సొంత రోగుల కోసం మందు నూరుకునే వైద్యుడికి 1940 నాటి ఔషధ చట్టం మినహాయింపు యిచ్చింది. చుట్టుపక్కల గడపలకు అది సరిపోతుంది. రాష్ట్రం నలుమూలలకూ మందు వెళ్లేటప్పుడు సరిపోదు.

మళ్లీ ఏదో ఒక జబ్బు రాకపోదు, మరో వూళ్లో మరో మందు పేరు వినబడకా పోదు. అప్పుడు క్యూలకు కర్రలు పాతడంతో పాటు తొలిరోజునే ఒక పుస్తకం తెరవాలి. రోగి వయస్సు, పరీక్ష ఫలితం, ఆక్సిజన్ శాతం, మందు పుచ్చుకున్న తేదీ, నెల తర్వాత స్థితి అందులో రాయించాలి. పోల్చి చూడడానికి మరో జట్టును పెట్టే బాధ్యత వైద్యకళాశాలకు అప్పగించాలి. మందు ఉచితమైనా, రోగి పణంగా పెట్టేది ప్రాణం. దానివల్ల గుణముంటుందో లేదో తెలుసుకునే హక్కు ఆ రోగికి వున్నది.