డిస్కులో ఒదిగిన పాట

2000 తరువాతి దశాబ్దంలో తెలుగునాట ఇతర పట్టణాలలో వలెనే గోదావరిఖనిలోనూ కారు స్టీరియోలలో క్యాసెట్టు స్థానాన్ని కాంపాక్టు డిస్కు ఆక్రమించింది. కంప్యూటరులో నూటయాభై పాటలు చక్కగా వినిపించిన డిస్కు కారులో పెట్టగానే మూగబోవడం ఆనాడు చాలామందికి ఎదురైన అనుభవం. చెడిపోయింది డిస్కూ కాదు, స్టీరియో కూడా కాదు. డిస్కుపై రాసిన లిపి స్టీరియో చదవగల లిపి కాకపోవడమే అందుకు కారణం.

సోనీ, ఫిలిప్స్ సంస్థలు 1982లో విపణిలోకి తెచ్చిన ఆడియో సీడీకి నిర్దిష్టమైన నియమం ఉంది. ధ్వని తరంగాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ప్రతి కొలతను 16 బిట్ల సంఖ్యగా, ఎడమ కుడి ధ్వనులకు విడివిడిగా నమోదు చేయాలి. ఈ లెక్కన ఒక్క నిమిషం పాటకు సుమారు 10 మెగాబైట్లు కావాలి. అందువల్ల 12 సెంటీమీటర్ల డిస్కులో 80 నిమిషాలకు మించి సంగీతం పట్టదు. ఐదేసి నిమిషాల పాటలైతే పదహారు.

జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు ప్రధాన పాత్ర వహించి రూపొందించిన ఎంపీ3 పద్ధతి ఈ పరిమాణాన్ని దాదాపు పదకొండో వంతుకు కుదించగలిగింది. గని సైరన్ మోగుతున్నప్పుడు పక్కనున్న వారి మాట చెవికి ఆనదు. పెద్ద ధ్వని చాటున చిన్న ధ్వని మరుగున పడుతుంది. అలా చెవి గ్రహించలేని అంశాలను గుర్తించి వదలివేయడమే ఎంపీ3లోని కిటుకు. నిమిషం పాట ఒక మెగాబైటులో ఇమిడిపోతుంది. 700 మెగాబైట్ల డిస్కులో పన్నెండు గంటల పాటలు పడతాయి. అయితే ఆ కుదింపును విప్పి చదివే ఏర్పాటు తొలినాటి కారు స్టీరియోలలో లేదు. వాటి కోసం ప్రతి ఎంపీ3 ఫైలునూ తిరిగి ఆడియో సీడీ రూపంలోకి మార్చవలసి వచ్చేది.

ఇక్కడే ఒక భ్రమ పుట్టింది. ఒక మెగాబైటు ఫైలు పది మెగాబైట్లకు పెరిగితే పాట నాణ్యత కూడా పెరుగుతుందని కొందరు తలచారు. తాళపత్ర గ్రంథాల ప్రతులు రాసిన లేఖకుల పనిని తలచుకుంటే ఈ విషయం తేటపడుతుంది. లేఖకుడు ఒక పాదాన్ని జారవిడిస్తే, ఆ ప్రతిని చూసి మేలైన కాగితంపై ఎంత అందంగా రాసినా జారిన పాదం తిరిగి రాదు. సి.పి.బ్రౌన్ ఒకే కావ్యానికి అనేక ప్రతులు సేకరించి పండితులచేత పోల్చి చూపించినది ఇందుకే. ఎంపీ3 విషయమూ అంతే. మరీ ఎక్కువగా కుదించినప్పుడు డప్పు దెబ్బలోని పదును మొద్దుబారుతుంది; తాళాల ఝంకారం నీటిలో మునిగినట్లు వినిపిస్తుంది. పెద్ద డిస్కు ఆ లోపాన్ని దిద్దదు.

రాసే డిస్కులో ఒక సేంద్రియ రంగుపొర ఉంటుంది. లేజరు కిరణం ఆ పొరను వేడిచేసి గుర్తులు ఏర్పరుస్తుంది. 'బర్న్ చేయడం' అన్న మాట అందువల్లనే వచ్చింది. మన వాడుకలో పాటలు 'ఎక్కించడం' అన్నారు. వినడానికి ఇదే చల్లగా ఉంది. ఎక్కించిన తరువాత డిస్కును ముగించకపోతే, అనగా ఫైనలైజ్ చేయకపోతే, చాలా స్టీరియోలు దానిని గుర్తించవు. మళ్లీ మళ్లీ రాయదగిన డిస్కులు కాంతిని తక్కువగా ప్రతిఫలింపజేస్తాయి కనుక పాత యంత్రాలకు అవి సరిపడవు. ఎంపీ3 చదవగల స్టీరియోలు వచ్చాక మరొక చిక్కు ఎదురైంది. తెలుగు లిపిలో పెట్టిన పాటల పేర్లు చాలా యంత్రాల తెరపై చతురస్రాలుగానో, ప్రశ్నార్థకాలుగానో కనిపించేవి.

సినిమా పాట పోతే మరొక ప్రతి దొరుకుతుంది. బొగ్గుగనుల ప్రాంతంలో ఇంటింటా క్యాసెట్లలో నమోదైన బతుకమ్మ పాటలకు, ఒగ్గుకథలకు, కార్మికుల పాటలకు ఆ సౌలభ్యం లేదు. పాడిన గొంతు మరి లేకపోతే ఆ క్యాసెట్టే మూలప్రతి. దానిని కంప్యూటరులోకి తెచ్చినప్పుడు మొదట కుదించని వేవ్ ఫైలుగా భద్రపరచి, ప్రయాణంలో వినడానికి మాత్రమే ఎంపీ3 చేసుకోవడం ఉచితం. రామగుండంలో వేసవి ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన సందర్భాలున్నాయి. ఎండలో నిలిపిన కారు లోపల వేడి అంతకంటే ఎంతో ఎక్కువ. ఆ వేడికి రంగుపొర క్షీణిస్తుంది, అంటించిన కాగితపు చీటీ ఊడి యంత్రంలో ఇరుక్కుంటుంది. కాబట్టి కారులో ఉండవలసినది నకలు మాత్రమే. నేటి కార్లలో డిస్కుకు బదులు పెన్‌డ్రైవ్ వాడుతున్నా, అది కూడా నకలుకు తగిన చోటే.

పాత డిస్కులు ఇంట్లో ఉన్నవారు వాటిలోని ఫైళ్లను వేరొక చోటికి మార్చుకోవచ్చు. డిస్కు పైభాగాన పాడిన వారి పేరు, ఊరు, సంవత్సరం రాయదలచినప్పుడు బాల్‌పెన్ను వాడరాదు. కాంతిని ప్రతిఫలించే పొర ఆ పైభాగానికి అతి సమీపంలో ఉంటుంది; గీత పడితే పాట తెగుతుంది. మెత్తని మొనగల మార్కరు చాలు.