ఐదు సాక్ష్యాలు - ఆరవ సంఖ్య

4,29,49,67,297. అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ముప్పై రెండు రెండ్లను వరుసగా గుణించి, వచ్చిన లబ్ధానికి ఒకటి కలిపితే ఈ సంఖ్య లభిస్తుంది. కంప్యూటర్లతో పరిచయమున్న పాఠకులకు దీని పొరుగు సంఖ్య సుపరిచితమే. 32 బిట్లతో సూచించదగిన విలువలు సరిగ్గా దీనికంటె ఒకటి తక్కువ.

ఈ సంఖ్యకు గణితశాస్త్ర చరిత్రలో ప్రత్యేక స్థానం కలదు. ఫ్రాన్సులోని తులూజ్ నగరంలో న్యాయస్థాన పదవి నిర్వహిస్తూ, తీరిక వేళలలో గణితాన్ని సాధన చేసిన ఫెర్మా 3, 5, 17, 257, 65,537 అనే వరుసను పరిశీలించారు. 1, 2, 4, 8, 16 చొప్పున రెండ్లను గుణించి, ప్రతిసారీ ఒకటి కలిపితే ఇవి వస్తాయి. ఐదూ ప్రధాన సంఖ్యలే. అనగా ఒకటితోను, తమతోను తప్ప మరి దేనితోను నిశ్శేషంగా భాగింపబడవు. ఈ వరుసలోని సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలే కావలెనని 1640లో ఆయన విశ్వసించారు. వరుసలో ఆరవది మన సంఖ్య.

పరీక్షించడం సులభం కాదు. దీని వర్గమూలం 65,536 కంటె అత్యల్పంగా ఎక్కువ. అంతవరకు గల ప్రధాన సంఖ్యలు 6,542. వాటన్నిటితోను చేతితో భాగహారం చేయడం ఎంత శ్రమయో ఊహించవచ్చు.

1732లో ఆయిలర్ ఈ సంఖ్య 641, 67,00,417 అనే రెండు సంఖ్యల లబ్ధమని వెల్లడించారు. పిల్లలు కాగితంపై గుణించి సరిచూడవచ్చు. దీనిని భాగించే ఏ ప్రధాన సంఖ్యనైనా 64తో భాగిస్తే శేషం 1 రావలెనని కూడ ఆయన నిరూపించారు. ఆ నియమం ప్రకారం పరీక్షించవలసినవి 193, 257, 449, 577, 641 మాత్రమే. వేల భాగహారాల పని ఐదింటితో ముగిసింది!

ఇంజనీర్లమైన మనకు ఇందులో గ్రహించదగినది ఉన్నది. ఐదు వెల్డింగు అతుకులు ఎక్స్‌రే పరీక్షలో నిర్దోషమని తేలినంత మాత్రాన ఆరవదానికి ధ్రువపత్రం ఇవ్వలేము. వరుస విజయాలు నమ్మకాన్ని పెంచుతాయే గాని, పరీక్షకు బదులు కాజాలవు. అదే సమయంలో, గుడ్డిగా వేయి పరీక్షలు చేయుటకంటె లోపం ఎక్కడ ఉండగలదో ముందుగా ఆలోచించుట మేలని ఆయిలర్ పద్ధతి తెలుపుతున్నది.

మన సంఖ్య మొదలుకొని వరుసగా 28 సంఖ్యలు ప్రధాన సంఖ్యలు కావని నేటికి తేలింది. అయితే ఆ తరువాతివన్నీ అటువంటివేనని ఎవరూ నిరూపించలేదు. ఐదు ఉదాహరణలు నాడు రుజువు కానట్లే, ఇరవై ఎనిమిది ఉదాహరణలు నేడు కూడ రుజువు కావు.